ముడి వెలుగు

నమోదు 341

చుక్కాని ఉపగ్రహం నుంచి ఈ రోజు ముడి సమాచారం పూర్తిగా దిగింది. మధ్యలో ఎక్కడా తెగలేదు.

పొద్దున యాంటెన్నా గిన్నె తుడిచాం. రాత్రి పడిన పొర దుమ్ము దాని మీద పిండిలా పేరుకుని ఉంటుంది. తడిగుడ్డతో కింది సగం నేను, పై సగం బాబయ్యన్న. ఆయనకు అరవై దాటాయి, అయినా నిచ్చెన నాకివ్వడు. యాంటెన్నా ఆయనది, అంకెలు నావి. పెనుకొండ మీద ఈ కేంద్రంలో మూడో మనిషి లేడు.

నమోదులో యంత్రాల సంగతి రాయాలని నియమం. మనుషుల సంగతి రాయకూడదని ఎక్కడా లేదు. నిరుడు వేసవిలో నా భర్త తిప్పేస్వామి దుమ్ము దగ్గుతో పోయాక, ఊళ్లో ఇల్లు ఖాళీ చేసి కేంద్రం వెనక గదిలోకి వచ్చేశాను. అప్పటి నుంచి రోజూ కాస్త ఎక్కువే రాస్తున్నాను. చదివేవాళ్లు లేరు.

చుక్కాని పంపేది బొమ్మ కాదు, అంకెలు. దాని కెమెరాలో కోట్ల గళ్లున్నాయి. ఒక్కో గడిలో ఎంత వెలుగు పడిందో ఒక్కో అంకె చెబుతుంది. ఆ వెలుగంతా చుక్కలది కాదు. అందులో కెమెరా సొంత వేడి ఉంటుంది. ఎక్కడి నుంచో దూసుకొచ్చిన కణాల దెబ్బలుంటాయి. పుట్టుకతోనే సరిగా చూడలేని గళ్లు కొన్ని ఉంటాయి. అవన్నీ తీసేస్తే మిగిలేది ఆకాశం. తీసేయడమే నా ఉద్యోగం.

సాయంత్రానికల్లా శుభ్రం చేసిన ఆకాశాన్ని కింద నక్షత్రశాలలకు పంపాలి. జనం బండిమీద పిల్లల్ని ఎక్కించుకుని వచ్చి, పడక కుర్చీల్లో వెనక్కి వాలి, గుండ్రటి పైకప్పు మీద చుక్కలు చూస్తారు. ఎండ ఆపడానికి ఆకాశం నిండా దుమ్ము పొర వేశాక ఎండలు తగ్గాయి, చెరువుల్లో నీళ్లు నిలుస్తున్నాయి. చుక్కలు మాత్రం ఇక ఆ శాలల్లోనే కనిపిస్తాయి.

ఈ రోజు గమనించింది ఒకటుంది. సప్తర్షుల్లో వశిష్ఠుడి చుక్క పక్కన సన్నగా ఒక చార. కన్నీటి మరకలా కిందికి జారి ఉంది. గుర్తు పెట్టాను.

నమోదు 344

చార పెరిగింది. ప్రకాశమైన చుక్కలన్నిటికీ వస్తోంది.

కారణం తెలిసిందే. ఏళ్ల తరబడి కణాలు తగిలి తగిలి కెమెరా గళ్లు దెబ్బతిన్నాయి. అంకెల్ని బయటికి తీసేటప్పుడు ఒక గడి నుంచి పక్క గడికి వెలుగు లెక్క చేతులు మారుతూ వస్తుంది. దెబ్బతిన్న గడి అందులో కొంత పట్టుకుని ఆలస్యంగా వదులుతుంది. బకెట్ల వరసలో నీళ్లు అందిస్తుంటే మధ్యలో ఒకరి బకెట్ కారినట్టు.

శుభ్రం చేసే ప్రోగ్రాం ఆ చారను లోపంగా గుర్తించి తుడిచేస్తోంది. తుడిస్తే ఇబ్బంది లేదు. కానీ వశిష్ఠుడి చార సరిగ్గా అరుంధతి మీదుగా పోతోంది.

బాబయ్యన్న ఉగ్గాని తెచ్చాడు, బజ్జీలు కూడా. తిన్నాను. కారం ఎక్కువైందా అని అడిగాడు. తెలియలేదన్నాను.

నమోదు 348

ఈ రోజు శుభ్రం చేసిన ఆకాశంలో అరుంధతి లేదు. ముడి సమాచారంలో చార ఉంది, చార కింద ఏముందో విడదీయలేకపోయాను. ప్రోగ్రాం రెండింటినీ కలిపి తుడిచేసింది.

హైదరాబాదులో సంస్థ అధికారి కాత్యాయని గారికి ఫోన్ చేశాను. కెమెరాను వేడి చేసి మళ్లీ చల్లారిస్తే దెబ్బతిన్న గళ్లు చాలావరకు మానతాయని చెప్పాను.

"ఎన్నాళ్లు పడుతుంది?" అని అడిగారు.

"వేడి చేయడం త్వరగానే అయిపోతుందండి. చల్లారడానికే వారాలు."

"అన్నాళ్లూ శాలలు చీకటేగా. మళ్లీ లేస్తుందన్న నమ్మకం ఉందా?"

"ఉందని చెప్పలేను."

"గంగరత్న గారూ, ఇప్పుడు పెళ్లిళ్ల కాలం. సాయంత్రం ముహూర్తాలన్నీ ఎందుకు పెట్టుకుంటున్నారు? శాలకొచ్చి అరుంధతిని చూడటానికే కదా. ఇప్పుడు తలుపులు మూస్తే జనం రావడం మానేస్తారు. జనం మానేస్తే ఆ ఉపగ్రహాన్ని ఎవరూ ఉంచరు. కాలం దాటనివ్వండి, తర్వాత చూద్దాం."

"అంతవరకు?"

"అరుంధతి ఎక్కడుంటుందో మనకు తెలుసు. ఎంత వెలుగుంటుందో తెలుసు. పాత పట్టికలోంచి తీసి అక్కడ పెట్టండి."

పెట్టాను. చిన్న పనే. సాయంత్రం శాల నుంచి ఫిర్యాదులేమీ రాలేదు.

నమోదు 357

రోజూ పెడుతున్నాను. ఇప్పుడు అరుంధతి ఒక్కటే కాదు, చారల కింద పోయినవన్నీ పట్టికలోంచి తెచ్చి నింపమని ఆదేశం. చేతికి అలవాటైంది. వేరే ఆలోచన చేస్తూనే పని అయిపోతోంది. వేరే ఆలోచన కూడా ఏమీ లేదు.

మధ్యాహ్నం తమ్ముడు ఓబులేశు ఫోన్ చేశాడు. వాడి కూతురు చౌడేశ్వరి పెళ్లి కుదిరింది. అబ్బాయి తిరుపాలు, హిందూపురంలో మరమగ్గాల మెకానిక్. ముహూర్తం సాయంత్రం, ఇక్కడే, కొండ కింద శాలలో.

"అక్కా, ఆ పొద్దు చుక్కలు బాగా కనపడేటట్ల సూడు. పెండ్లికొడుకు తరపు వాళ్లు శానా పట్టింపు మనుషులు."

"చూస్తాలే."

"నువ్వు..." అని ఆగాడు. "నువ్వెట్లా ఈ పక్క మిషిన్ల కాడ్నే ఉంటావు గదా."

"ఉంటాను."

పీటల దగ్గరికి రావొద్దని వాడు అనలేదు. రమ్మని కూడా అనలేదు. వాడు తప్పుగా ఏమీ మాట్లాడలేదు. ఫోన్ పెట్టేసి కణాల దెబ్బలు ఏరడం మొదలుపెట్టాను.

నమోదు 366

చౌడేశ్వరి కొండెక్కి వచ్చింది. ఒక్కతే. కదిరిలో పొర బెలూన్లకు దుమ్ము నింపే చోట పనిచేస్తుంది. వెంట్రుకల మొదళ్లలో తెలుపు ఎంత స్నానం చేసినా పోదు. ముక్కుగుడ్డ విప్పి నా గదిలో మంచం మీద కూర్చుని, పెళ్లి చీర ఫోన్‌లో చూపించింది. ఆకుపచ్చ, ఎర్రంచు. బాగుందన్నాను.

"అత్తా, నీ పెండ్లిలో చూపించినారా అరుంధతిని?"

"చూపించారు. పగటి ముహూర్తం. పందిట్లోంచి బయటికి తీసుకొచ్చి పైకి చూడమన్నారు. తెల్లగా పొర తప్ప ఏమీ లేదు. కనిపించిందా అమ్మా అన్నాడు అయ్యోరు. కనిపించింది అన్నాను. మీ మామను కూడా అడిగాడు. ఆయనా అన్నాడు."

అది పడీ పడీ నవ్వింది. నవ్వు ఆగాక తెర మీద ఆ రోజు ఆకాశం చూస్తూ కూర్చుంది. "మా ఫ్రెండు పెండ్లిలో చూసినా. ఎంత చక్కగుండె! మనం దుమ్ము పోసి మూసేస్తాంటే నువ్వు ఆ పైనుంచి తెచ్చి చూపిస్తాండావు అని మా కాడ అందరికీ చెప్పినా."

ఆ మాట విన్నాక చెప్పకుండా ఉండటానికి నాకు కారణమేమీ దొరకలేదు. చెప్పాలని గట్టిగా అనిపించిందీ లేదు. మామూలుగానే చెప్పాను. "ఇప్పుడు కనిపించేది మేం పెట్టిందే. వశిష్ఠుడి పక్కన నేను రోజూ ఒక చుక్క పెడుతున్నాను."

అది నా మొహంలోకి చూసింది. "అంటే, ఆడ లేదా?"

"అక్కడ ఉంది. మా కెమెరాకి కనపడటం లేదు."

"మా ఫ్రెండు చూసింది?"

"ఎప్పుడు పెళ్లి?"

చెప్పింది. "అయితే అది కూడా నేను పెట్టిందే" అన్నాను.

కిందికి పోయే బండి హారన్ కొడితే లేచి ముక్కుగుడ్డ కట్టుకుంది. గడప దాటి మళ్లీ వెనక్కి తిరిగింది.

"అత్తా, నా పెండ్లి పొద్దు పెట్టొద్దు. లేకుంటే లేదని చూపించు."

"మీ నాయన ఒప్పుకోడు."

"నాయనకు చెప్పొద్దు. పెండ్లి నాది గదా."

నమోదు 374

కింద నక్షత్రశాలలో, ప్రొజెక్టర్ గదిలో కూర్చుని రాస్తున్నాను.

చౌడేశ్వరి పెళ్లి అయింది. తాళి కట్టడం గాజు కిటికీలోంచి చూశాను. తర్వాత దీపాలన్నీ ఆర్పారు. నేను ఆ రోజు ఆకాశాన్ని పైకప్పు మీదికి వదిలాను. వేడిని తీసేశాను, కణాల దెబ్బలు తీసేశాను. చారలు తుడవలేదు, పైన ఏమీ పెట్టలేదు. ప్రతి పెద్ద చుక్క నుంచి ఒక మరక కిందికి జారుతూ ఉంది. ఆకాశమంతా తడిగోడలా ఉంది.

జనంలో గుసగుసలు లేచాయి. మిషన్ చెడిపోయిందని ఎవరో అరిచారు. అయ్యోరు తడబడ్డాడు కానీ ఆపలేదు. సప్తర్షుల్ని చూపించాడు, వశిష్ఠుణ్ణి చూపించాడు. "అమ్మా, ఆయన పక్కన అరుంధతి. కనిపించిందా?"

మైకు చౌడేశ్వరి దగ్గరే ఉంది. శాల మొత్తానికి వినిపించింది.

"కనపల్లేదు."

అయ్యోరు మళ్లీ అడిగాడు, కాస్త మెల్లగా, ఎలా జవాబివ్వాలో నేర్పుతున్నట్టు. "బాగా చూడు తల్లీ. కనిపించిందా?"

"చూసినా సామీ. కనపల్లేదు."

ఎవరో ఆడమనిషి "అయ్యో, అయ్యో" అంది. పెళ్లికొడుకు తల్లి అని తర్వాత తెలిసింది. దీపాలు వేయమని ఓబులేశు కేకలు పెడుతున్నాడు. అప్పుడు పెళ్లికొడుకు గొంతు వినపడింది. అతని గొంతు వినడం నాకదే మొదలు.

"నాక్కూడా కనపల్లేదు సామీ. ముందుకు కానీయండి."

దీపాలు వేశాను.

నమోదు 375

ఓబులేశు పొద్దున్నే కొండెక్కి వచ్చాడు. లోపలికి రాలేదు, గిన్నె కింద నిలబడ్డాడు.

"నీకేం పోయే కాలం వచ్చె అక్కా? నీ చేతుల్లో ఉన్నింది, పెట్టింటే అయిపోయేది గదా! పెండ్లికొడుకు వాళ్లమ్మ రాత్రంతా ఏడ్చింది. అపశకునమని ఊరంతా అంటాండారు. రేపు బిడ్డకు ఏదన్నా అయితే అందరూ ఈ మాటే ఎత్తుతారు."

చౌడేశ్వరి అడిగిందని చెప్పలేదు. చెబితే దాన్ని తిడతాడు. "నేనే చేశాను" అన్నాను.

"నీకేమీ అనిపించదా?" అన్నాడు.

ఆలోచించాను. అబద్ధం చెప్పడం ఇష్టం లేక, "తెలియడం లేదు" అన్నాను. వాడు వెళ్లిపోయాడు. బాబయ్యన్న నిచ్చెన మీది నుంచి అంతా విన్నాడు. దిగి వచ్చి, నా చేతిలోంచి గుడ్డ తీసుకుని కింది సగం కూడా తనే తుడిచాడు.

నమోదు 379

పెళ్లి సంగతి జిల్లాలు దాటింది. ఎవరో ఫోన్‌లో తీసిన బొమ్మ అందరి దగ్గరా తిరుగుతోంది. మిగతా శాలల్లో ఆ సాయంత్రం అరుంధతి ఉంది, ఇక్కడ లేదు, మరి ఏది నిజమని అడుగుతున్నారు.

కాత్యాయని గారు స్వయంగా వచ్చారు. కొండ మలుపులకు కడుపులో తిప్పి, రాగానే నా గదిలో పడుకున్నారు. బాబయ్యన్న నిమ్మకాయ నీళ్లిచ్చాడు. ఆవిడను ఇన్నేళ్లలో చూడటం ఇదే మొదటిసారి. ఫోన్ గొంతును బట్టి పొడుగు మనిషి అనుకున్నాను. పొట్టిగా ఉన్నారు, ముక్కుగుడ్డ రుద్దుకుని బుగ్గల మీద ఎర్రగా గీతలు.

"మీ మీద కోపంతోనే బయల్దేరాను. దారిలోనే సగం దిగిపోయింది" అన్నారు.

"నన్ను తీసేస్తారా?"

"తీసేస్తే ఈ పని ఎవరు చేస్తారు? ఇంకెవరికి వచ్చు?" లేచి కూర్చున్నారు. "పైవాళ్లు వేరే మాట చెప్పి పంపారు. ఈ నెల రోజుల ముడి సమాచారమంతా తుడిచేయమన్నారు. అది లేకపోతే ఏది పెట్టామో ఏది పెట్టలేదో ఎవరూ తేల్చలేరట. ఆదేశం నా దగ్గరుంది."

బాబయ్యన్న తలుపు దగ్గరే ఉన్నాడు. "మేడం, ఆ అంకెలు దించనీకి నేను పిడుగులు పడతాంటే గూడా గిన్నె కాడ్నే నిలబడినా. తుడవాలంటే మీరే తుడవండి. నాతో చెప్పొద్దండి" అన్నాడు. ఆయన గొంతు పెంచడం నేనెప్పుడూ వినలేదు.

కాత్యాయని గారు సంచిలో చెయ్యి పెట్టారు. తెల్ల కవరు అంచు నాకు కనిపించింది. చెయ్యి మళ్లీ ఖాళీగా బయటికి వచ్చింది.

"దారిలో ఎక్కడో పడిపోయినట్టుంది" అన్నారు. "దొరికేలోపు మీరు కెమెరాను వేడి చేసుకోండి. శాలల తలుపులు నేను మూయిస్తాను. ఎందుకు మూశారని అడిగితే ఉన్నదే చెబుతాను. ఇక దాచడానికేముంది?"

నమోదు 381

వేడి చేయమని ఆదేశం పంపాం. చుక్కాని అందుకుంది. ఆ తర్వాత దాని కెమెరా మూసుకుంది. దిగే అంకెలు లేవు. గిన్నె మాత్రం తుడుస్తున్నాం.

నమోదు 388

కెమెరా ఇంకా చల్లారలేదు. వేడి తగ్గాల్సినంత వేగంగా తగ్గడం లేదు. ఒక చోట ఆగిపోయింది.

బాబయ్యన్న రోజూ ఒకటే అడుగుతాడు, "వేడి దిగిందా మా?" లేదంటే తల ఊపి పోతాడు.

చౌడేశ్వరి ఫోన్ చేసింది. అత్తగారు మాట్లాడటం లేదట. తిరుపాలు బాగానే ఉన్నాడట. పెళ్లి మర్నాడు అతను కూడా వాళ్లమ్మతో గొడవ పడ్డాడట. "ఆ రోజు నాకూ కనపల్లేదంటివే, నిజంగా చూసినావా అని అడిగినా అత్తా. కళ్లు నొప్పులు పుట్టేదంకా చూసినా అన్నాడు" అంది. "నీకెట్లుంది?" అని అడిగింది. కెమెరా చల్లారడం లేదని చెప్పాను. "కెమెరా గాదు అత్తా, నీకు" అంది. తిన్నానని చెప్పాను.

నమోదు 403

చల్లారింది. ఎందుకు ఆగిందో, ఎందుకు మళ్లీ దిగిందో తెలియదు. మొదటి ముడి సమాచారం మధ్యాహ్నం వచ్చింది.

వేడిని తీశాను. దెబ్బలు తీశాను. చారలు పూర్తిగా పోలేదు, కానీ బాగా సన్నబడ్డాయి. దక్షిణం వైపు ఒక మూల గళ్లు అసలే చచ్చిపోయాయి. అక్కడ ఇక ఎప్పటికీ ఏమీ కనపడదు. వశిష్ఠుడి పక్కన, ఎవరూ పెట్టకుండా, అరుంధతి ఉంది.

బాబయ్యన్నను పిలిచి చూపించాను. ఆయన తెరకు బాగా దగ్గరగా వచ్చి చూశాడు. తర్వాత బయటికి పోయి గిన్నెకు చెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డాడు.

దక్షిణం మూల నల్లగానే వదిలేయమని కాత్యాయని గారు చెప్పారు. శాలలు తెరిచారు. ఇదివరకటి కంటే జనం తక్కువే, కానీ వస్తున్నారు.

నమోదు 431

ఇప్పుడు కొండ మీదికి మనుషులు వస్తున్నారు. ఆ నెల రోజుల్లో పెళ్లయినవాళ్లు. తమ సాయంత్రం చూసింది నిజమా కాదా అని అడుగుతున్నారు.

తేదీ అడిగి చెబుతున్నాను. ఒక జంట నవ్వుకుంటూ సెల్ఫీ తీసుకుని దిగిపోయింది. ఒకాయన బల్ల గుద్ది మళ్లీ పెళ్లి చేస్తావా అని అరిచాడు. ఒకమ్మాయి యాంటెన్నా చుట్టూ తిరిగి వెళ్లింది. అందరికీ మంచినీళ్లిస్తున్నాను.

వీళ్లు వచ్చి వెళ్లాక ఒక ఆలోచన వచ్చింది. కెమెరా వేడి చేయక ముందు ఎలా చూసిందో, తర్వాత ఎలా చూస్తోందో, అవే చుక్కల మీద రెండూ ఇప్పుడు నా దగ్గరున్నాయి. పక్కపక్కన పెడితే ఏ గడి ఎంత కారిందో కచ్చితంగా తెలుస్తుంది. కారింది తెలిస్తే దాన్ని తిరిగి దాని చోట పోయొచ్చు. ముడి సమాచారం మా దగ్గరే ఉంది.

ఇది యంత్రం చేయగల పని కాదు. ఒక్కో సాయంత్రాన్నీ చేత్తో చేయాలి. ఒక్కోదానికి రోజంతా పడుతుంది. ఎవరూ అడగలేదు కాబట్టి మొదలుపెట్టలేదు.

నమోదు 498

ఈ రోజు ఒకాయన వచ్చాడు. ఒక్కడే. పేరు పోతులయ్య. గుత్తిలో కరెంటు లైన్‌మన్. ముప్పయ్యేళ్లు కూడా ఉండవు. మెట్లెక్కి వచ్చి చెమటతో, దుమ్ముతో నిలబడ్డాడు.

తేదీ అడిగాను. చెప్పాడు. చూశాను. "అది మేం పెట్టిందేనండి" అన్నాను. "మీవాళ్లు రాలేదా?"

"లేదు మేడం. ఉలిగమ్మ పోయింది. జ్వరం వచ్చింది. నాలుగు నెలలు గూడా నిండలేదు పెండ్లై."

ఏమనాలో నాకు తెలుసు. నిరుడు అందరూ నాతో అన్నవే. అవేవీ అనలేదు. కుర్చీ చూపించాను. కూర్చున్నాడు.

"అయితే ఆ పొద్దు అక్కడ అసలు ఏమీ లేదా మేడం?"

"ఉంది. చార కింద పడిపోయింది. వెతికితే దొరకొచ్చు. దొరకకపోవచ్చు కూడా. సాయంత్రం దాకా పడుతుంది."

"ఉంటా."

ఆ సాయంత్రపు ముడి సమాచారం తెరిచాను. ముందు కెమెరా వేడి తీశాను. కణాల దెబ్బల్ని ఒక్కొక్కటీ చూసి, చుక్క కాదని తేలినదాన్నే తీశాను. తర్వాత వశిష్ఠుడి చార. ఒక గడి కార్చింది దానికి తిరిగి పోశాను, దాని కింద గడిది దానికి. తప్పు పోతే మొదటి నుంచి. రెండు సార్లు మొదటికి వచ్చాను. బాబయ్యన్న ఆయనకు సంగటి, ఊరుబిండి పచ్చడి పెట్టాడు. పోతులయ్య తిని బల్ల మీద తల పెట్టుకుని నిద్రపోయాడు. నేను తినలేదు. గుర్తు రాలేదు.

పొద్దు వాలుతుండగా మూడు గళ్ల అంకెలు పక్కవాటి కంటే కొంచెం ఎత్తుగా నిలబడ్డాయి. ముందు నమ్మలేదు. ఆ సాయంత్రమే చుక్కాని కాస్త ముందు, కాస్త తర్వాత తీసిన వాటిలో కూడా అదే పని చేసి చూశాను. మూడు సార్లూ అదే చోట, అంతే ఎత్తు.

ఆయన్ని లేపాను.

"ఇదేనా?" అన్నాడు.

"ఇదే."

"ఇంతేనా మేడం? శాలలో పెద్దగా మెరుస్తాండె అనిరి."

"అది నేను పెట్టింది. ఇది దానంతట అది వచ్చింది. ఆ వెలుగు అక్కడి నుంచి బయల్దేరి ఎనభై ఏళ్లయింది. మీ పెళ్లి సాయంత్రం కెమెరాలో పడింది."

శాలలో ఉన్నది మీరే కదా, మెరుస్తోందని వేరేవాళ్లు చెప్పడమేమిటని అడిగాను. ఆయన తల వంచుకున్నాడు.

"నేను చూడలేదు మేడం. అయ్యోరు పైకి చూడమంటే ఉలిగమ్మ తల ఎత్తింది. వెలుగు దాని మొఖం మీద పడె. నేను దాన్నే చూస్తాంటి. కనిపించిందా అంటే ఆఁ కనిపించింది అన్నా. తర్వాత అది అడిగింది, ఎట్లుండె, నీకు బాగా కనపడిందా అని. బాగుండె అని చెప్పినా. ఇంగ ఎప్పుడన్నా పోయి చూస్తాంలే ఇద్దరం అనుకుంటి."

బల్ల అంచు పట్టుకున్నాను. బాబయ్యన్న నా వైపు చూసి, ఇంకో కుర్చీ లాగి నన్ను కూర్చోబెట్టాడు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. నిరుడు రాలేదు. తుడుచుకుంటే తెర మళ్లీ మసకైంది.

పోతులయ్య కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ముక్కుగుడ్డ మెడలోకి లాక్కుని, నాకు అడ్డం రాకుండా కాస్త పక్కకు ఒరిగి తెరలోకి చూశాడు.

"కిందికి పోనీకి బండి ఎప్పుడుంది మేడం?"

"ఇంకా టైముంది."

"అయితే ఇంగోసారి చెప్పండి. ఏ గడి?"

వేలు పెట్టి చూపించాను.